దిండ్లెన్ని పెట్టుకుంటావప్పా?

ఎవరైనా ఎదురుపడితే బాగున్నారా అని అడగడం లోకరివాజు. తనకల్లు జయరాజు మాత్రం “తలకింద దిండ్లెన్ని పెట్టుకుంటావప్పా?” అంటాడు. బస్సులో కండక్టర్ని అడిగాడు, పెళ్లిలో పెళ్లికొడుకు తండ్రిని అడిగాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారినే అడిగితే, ఆయన ఉలిక్కిపడి “రెండు, బ్రదర్” అని ఒప్పేసుకున్నారు.

“రెండా! మెట్లెక్కితే ఆయాసమొస్తాందా?”

“ఆయాసం కాదు బ్రదర్, దూది పల్చబడింది.”

పక్కనే ఉన్న భార్య కృపాకుమారికి తల కొట్టేసినట్టయింది.

ఈ పిచ్చికి ఒక కారణం ఉంది. జయరాజుకు పదేళ్లుగా కీళ్లవాతం, వేళ్లన్నీ వంకర్లు పోయాయి. మూడేళ్ల కిందట వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, ఒక దిండు రెండై, రెండు నాలుగయ్యాయి. గ్యాస్ అనుకుని సోడాలు తాగాడు. చివరికి కాళ్లు వాచి అనంతపురం వెళ్తే, డాక్టరు మొదట అడిగిందే దిండ్ల మాట. ఆ వాతమే గుండెపొరకూ పాకిందని, అలా పాకడం అరుదని చెప్పి ఆపరేషన్ చేయించారు.

“గుండె మీది పొర శెనక్కాయ తొక్క మాదిరి గట్టిపడిపోయిందప్పా. డాక్టర్లు వొలిచేసినారు” అంటూ అడగనివాళ్లకు కూడా చొక్కా విప్పి మచ్చ చూపిస్తాడు.

“గుండీలు పెట్టుకోయ్యా, మానం పోతాంది” అని కృపాకుమారి గొణుగుతుంది.

ఈ ఏడు విత్తనాల కోసం వాళ్ల వసారాలో ఆడవాళ్లు శెనక్కాయలు వొలుస్తున్నారు. అందులో హనుమక్క ఒకతె. ఆమెకూ కీళ్లవాతమే. అలవాటు చొప్పున జయరాజు అడిగాడు.

“ఎన్నిసార్లు అడుగుతావన్నా? మా ఇంట్లో దిండే లేదు. చాప ఒకటే.”

అందరూ గొల్లున నవ్వారు. ఇంతకుముందు నాలుగుసార్లు ఇదే జవాబు విని సంతోషంగా వెళ్లిపోయిన జయరాజు, ఈసారి ఆమె వాచిన పాదాలు చూసి ఆగిపోయాడు.

“మరి ఎట్ల పండుకుంటాండావమ్మా?”

“పండుకుంటే ఊపిరాడదన్నా. మూటకు ఒరిగి కూచునే తెల్లారుస్తా. రెండు నెలలాయె.”

జయరాజు నెత్తి కొట్టుకున్నాడు. “దిండు లేదంటే జబ్బు లేదనుకుంటినే! అనంతపురం ఆస్పత్రికి పోదాం, బస్సుకు పదమ్మా.”

“నా మేకలను ఎవరు చూస్తారు? ఆడికి పోయినోళ్లు తిరిగొస్తారో రారో.”

“నేను రాలేదా?” అని చొక్కా విప్పి మచ్చ చూపించాడు.

కృపాకుమారి ఈసారి గుండీల మాట ఎత్తలేదు. “మేకలను నేను చూసుకుంటా. పోవే హనుమక్కా” అంది.

గుండె చుట్టూ నీరు చేరిందని, ఇంకొన్నాళ్లు ఆగితే ప్రాణానికే ముప్పయ్యేదని చెప్పి డాక్టర్లు నీరు తీశారు. ఆ సంగతి భార్యకు ఫోనులో చెబుతూ జయరాజు ఏడ్చేశాడు. “జబ్బుండాదా అంటే మనోళ్లు దాస్తారే. నవ్విచ్చి అడిగితే నిజం చెప్తారు. అందుకే ఈ ఏషాలు” అన్నాడు. ఇన్నాళ్లూ తాను సిగ్గుపడింది ఈ మనిషిని చూసా అని కృపాకుమారికి గుండె కలుక్కుమంది.

పదిరోజులకు హనుమక్క ఇల్లు చేరింది. మధ్యాహ్నం కృపాకుమారి సంగటి తీసుకుని వెళ్తే, గడపలో కూర్చున్న జయరాజు నోటి మీద వేలు పెట్టుకుని ఆపాడు. లోపల హనుమక్క చాప మీద వెల్లకిలా పడుకుని, మేకలు బెదిరేలా గురక పెడుతోంది.

“ఎంత బాగుండాదే వినేదానికి!”

“నేను పెడితే మోచేత్తో పొడుస్తావే?”

“నువ్వు దినామూ పెడతావు. ఆయమ్మ పెట్టి రెండు నెలలాయె” అన్నాడు జయరాజు గుసగుసగా.