కూలే విమానంలో చెల్లెలి గొంతు

జిరాక్సు మిషన్లు బాగుచేసే అతన్ని తోటివాళ్లు ‘పైలట్’ అని ఏడిపించేవారు. ఇంటికి రాగానే కంప్యూటరుకు అతుక్కుపోయి, ఒంటిచేత్తో విమానాల యుద్ధం ఆట ఒకటి తయారుచేశాడు మరి. విమానం కూలేటప్పుడు వినిపించే కేక చెల్లెలిది. రికార్డు చేసేటప్పుడు గది మార్మోగకుండా ఆ పిల్ల బట్టల బీరువాలో తల దూర్చి, నవ్వాపుకుంటూ అరిచింది: “అన్నయ్యా, పడిపోతున్నా!”

ఆట బయటికొచ్చిన కొన్నాళ్లకే చెల్లెల్ని లారీ గుద్దేసింది, అక్కడికక్కడే పోయింది. ఆట మాత్రం ఆ కేకతోనే పేరు తెచ్చుకుంది. ఎవరో దాన్ని కత్తిరించి, జనం జారిపడే వీడియోలకు అతికించారు. బస్సులో పక్కవాడి ఫోన్లో అది మోగగానే అందరూ పగలబడి నవ్వారు. అతను తన స్టాపు రాకముందే దిగిపోయాడు.

ఆ సాయంత్రమే ఆటలోంచి గొంతు తీసేశాడు. “కేక లేకపోతే మజా ఏముందిరా?” అని ఆడేవాళ్లు బూతులు రాశారు. అతను పట్టించుకోలేదు.

మర్నాడు తల్లి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

“దాని గొంతు రావట్లేదేంట్రా?”

“నువ్వెప్పుడు విన్నావమ్మా?”

“నువ్వు పనికెళ్లాక రోజూ వింటున్నా. అదింకెక్కడ మాట్లాడుతుంది చెప్పు?”

అతను కేక మళ్లీ పెట్టేశాడు. ఆడేవాళ్లు పండగ చేసుకున్నారు.

తల్లి కుర్చీలో కూర్చుంది. విమానాన్ని తప్పించడం ఆమెకు బాగానే వచ్చు. అయినా తూటాలకు ఎదురుగా పోనిచ్చి, స్పీకరుకు చెవి ఆనించింది. కూతురు అరిచింది. తల్లి కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. అతను ఆ గదిలో నిలవలేకపోయాడు.