గెడ్డలో ఆస్పత్రి

దేముడమ్మ మా వీధిలోకి వస్తోందంటే ముందు గొంతు వస్తుంది, తర్వాత సంచి, ఆ తర్వాత మనిషి. పద్ధెనిమిదేళ్ళుగా ఆశా కార్యకర్త. గెడ్డ అవతలి నాలుగు పల్లెల్లో ఎవరికి ఎన్నో నెల, ఏ పసిదానికి ఏ టీకా ఎప్పుడు, ఏ ముసలాయన బీపీ మాత్ర మింగకుండా గూట్లో దాస్తున్నాడు, అన్నీ నోటికే చెబుతుంది. చదివింది ఏడో తరగతి. నాకు మాత్రం ఆవిడ మాట రోజూ పరీక్షే. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన చూడామణిని నేను. "వస్తాది, పోతాది" అని చెవిన పడితే చాలు, ఇప్పటికీ నా చెయ్యి ఎర్ర కలం కోసం తడుముకుంటుంది.

ఆ రోజు గుమ్మంలో నిలబడే అరిచింది.

"టీచరమ్మా, మన ఆస్పత్రిని గెడ్డలో ముంచీసినారు. అర్జీ రాయాల."

"ఇంకా కట్టనే లేదు కదే, ఎలా ముంచుతారు?"

"కట్టకముందే ముంచీసినారు. నువ్వు రా, సూద్దువు గాని."

మున్సిపల్ ఆఫీసు వరండాలో గోడంత పటం వేలాడుతోంది. మాస్టర్ ప్లాను ముసాయిదా అట. రాబోయే ఇరవై ఏళ్ళలో మా ఊళ్ళో ఇళ్ళెక్కడ లేవాలో, రోడ్డెటు పోవాలో, బడి ఎక్కడ పెట్టాలో అన్నీ అందులో రంగులేసి చూపించారు. ముప్పై రోజుల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం. మేము చూసింది మూడో రోజున. గెడ్డ ఉండాల్సిన చోట నీలం గీత లేదు. అక్కడ ఎర్ర రంగు పూసి "ముప్పై పడకల ఆస్పత్రి, కాకరగడ్డ" అని రాశారు.

పై జిల్లాల వాళ్ళకు చెబుతున్నాను. మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటే కొండల మీంచి దిగే ఏరు. వేసవిలో ఇసుక, తుమ్మ పొదలు, మేకలు. శ్రావణంలో మనిషి లోతు నీళ్ళు. గడ్డ అంటే అందరికీ తెలిసిందే, నేల, మిట్ట. ఒక్క ఎత్వం ఎగిరిపోయేసరికి ఏరు కాస్తా మిట్టయి కూర్చుంది. అసలు మిట్ట, గెడ్డ అవతల సర్కారు మెట్ట ఒకటుంది, దానికి ఆకుపచ్చ పూసి పార్కు అన్నారు.

ఆ ఆస్పత్రి కోసం దేముడమ్మ ఎన్ని చెప్పులు అరగదీసిందో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట తుపాను వచ్చినప్పుడు అవతలి పల్లెలో గున్నమ్మ కూతురికి పట్టపగలు నొప్పులొచ్చాయి. గెడ్డ పొంగింది. నూట ఎనిమిది బండి ఈ ఒడ్డున ఆగిపోయింది, వాళ్ళు ఆ ఒడ్డున. అక్కడే, టార్పాలిన్ కింద, దేముడమ్మే పురుడు పోసింది. తల్లి బతికింది. బిడ్డ చచ్చి పుట్టిందన్నారు. ఆ మర్నాటి నుంచీ ఈవిడ అర్జీలు తీసుకునే గ్రీవెన్సు సోమవారం ఒక్కటి కూడా వదల్లేదు. ఆస్పత్రి అవతలి ఒడ్డున కావాలి, అంతే ఆవిడ అడిగింది. ఇన్నాళ్ళకు ఇస్తే అది ఏ ఒడ్డునా కాకుండా నడుమ గెడ్డలో ఇచ్చారు! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఇచ్చాడు గాని నీళ్ళలో ఇచ్చాడు.

సరే, చెబుదామని వెళ్ళాం. మొదటి రోజు సర్వే నంబరు లేనిదే అర్జీ తీసుకోం అన్నారు. రెండోసారి నంబరుతో వెళితే మూడు కాపీలన్నారు. మూడోసారి కాపీలతో వెళితే అధికారి విజయనగరంలో మీటింగులో ఉన్నారు. నాలుగోసారికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికి దొరికాడు ఆ పట్టణ ప్రణాళికాధికారి. మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. అంతా విన్నాడు. విని, "గడ్డ అంటే ఎత్తు ప్రదేశమే కదండీ?" అన్నాడు. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టు!

"ప్లాను గీసిన కన్సల్టెన్సీ వాళ్ళు స్వయంగా వచ్చి చూశారండీ. ఆమదాలవలసలో రైలు దిగి నేరుగా అక్కడికే వెళ్ళారు. పొడి నేల అని రిపోర్టు ఉంది."

"ఎప్పుడు సూసినారు బాబూ?" అంది దేముడమ్మ.

"మే నెలలో."

"మే నెల్లో సముద్రమొక్కటే తడిగా ఉంటాది బాబూ."

ఆయన నవ్వు ఆపుకుని, స్థలాల పేర్ల పట్టిక మీ వార్డు నుంచే వచ్చింది, మా తప్పేం లేదు, కావాలంటే మీ ప్లానింగ్ సెక్రటరీని అడగండి అని చేతులు దులుపుకున్నాడు.

మా వార్డు ప్లానింగ్ సెక్రటరీ అంటే త్రినాథ్. వాడు నా శిష్యుడు! ఆ గెడ్డ ఒడ్డునే పుట్టాడు, అందులోనే ఈత నేర్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. వార్డు సచివాలయానికి వెళ్ళి, నలుగురి ముందే కడిగేశాను.

"ఒరే త్రినాథ్, ఎవడో పై ఊరివాడు రాశాడంటే సరే. నీకేం రోగంరా? గెడ్డకీ గడ్డకీ తేడా తెలీదా నీకు?"

వాడు లేచి నిలబడ్డాడు. బడిలో నిలబడ్డట్టే, చేతులు కట్టుకుని.

"ముందు గెడ్డ అనే రాసినాను టీచర్. పై ఆఫీసుకెళ్ళే కాగితం కదా అని మళ్ళీ సూసి దిద్దీసినాను."

"ఎందుకు దిద్దావు? ఎవడు దిద్దమన్నాడు?"

వాడు నేల చూపులు చూశాడు. "ఏడో తరగతిలో 'మా ఊరు' అని వ్యాసం రాయమన్నారు టీచర్. గెడ్డ అని రాస్తే ఎత్వం కొట్టీసి, మోటు మాట అని, గడ్డ అని వందసార్లు రాయించినారు. అప్పట్నుంచీ మళ్ళీ రాయలేదు."

ఆ వ్యాసం గుర్తులేదు. ఆ ఎర్ర గీత మాత్రం నాదే, సందేహం లేదు. ఒక్క వ్యాసమేమిటి, అలాంటివి ఎన్ని వందలు దిద్దానో!

దేముడమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "ఒగ్గీ టీచరమ్మా. అయిపోనాది అయిపోనాది. అర్జీ గట్టిగా రాసీ" అంది.

రాశాను. సిగ్గుతో రాశాను, కసితో రాశాను. రెండు పేజీలు. స్థలనామాల్లో స్వరభేదం వల్ల కలిగే అనర్థం, ఉత్తరాంధ్ర వ్యవహారంలో గెడ్డ శబ్దం, ఎత్వలోపం, అన్నీ ఉదాహరణలతో సహా. చదివి వినిపిస్తే దేముడమ్మ శ్రద్ధగా విని, "బాగున్నాది. మరి నీరొస్తాదని ఎక్కడున్నాది?" అంది.

"ఇదిగోనే, రెండో పేజీ చివర్న. ఉంది కదా!" అని కసురుకున్నాను కూడా.

ఇరవై ఎనిమిదో రోజున జవాబొచ్చింది. "మీ అభ్యంతరం పూర్తిగా ఆమోదించబడినది. అక్షరదోషం సవరించబడినది." ఇద్దరం ఆటో ఎక్కి ఆఫీసుకు పరుగెత్తాం. పటం మీద చిన్న తెల్ల కాగితం ముక్క అతికించారు. శుభ్రంగా, ఎత్వంతో సహా, "ముప్పై పడకల ఆస్పత్రి, కాకరగెడ్డ" అని ఉంది. అదే చోట. అదే ఎరుపు.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఆ ఎలుకను పట్టింది వాళ్ళు కాదు, నేను. రెండు పేజీలు అక్షరం గురించి రాసి, నీళ్ళ గురించి ఒక్క వాక్యం రాశాను. అడిగినదానికి వాళ్ళు ఒప్పుకున్నారు, అంతే. ఇంక వాళ్ళనేమని తిట్టను? నా మీద నాకే అసహ్యం వేసింది.

దేముడమ్మ ఆఫీసు మెట్ల మీద కూలబడింది. "పేరు మార్సినారు. నీరు మారతాదేటి?" అంది. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని సంచిలోంచి నోటుపుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఇంక రెండ్రోజులున్నాది. ఈసారి నాను సెప్తాను. నువ్వు రాయి. దిద్దకు."

"చెప్పు."

"అయ్యా, అది గెడ్డ. మే నెల్లో నీరుండదు. శ్రావణంలో వస్తాది. అవతల మెట్ట మీద సర్కారు భూమున్నాది. అక్కడ పార్కని రాసినారు. ఆ పార్కుని గెడ్డలో ఎట్టుకోండి, మునిగితే ఎవులూ సావరు. ఆస్పత్రి మెట్ట మీద కట్టండి."

రాశాను. ఉన్నదున్నట్టు. నా రెండు పేజీలూ ఈ ఏడు ముక్కల ముందు ఎందుకూ పనికిరావు. అయిపోయిందనుకుని పెన్ను మూత పెట్టబోయాను.

"ఉండు. ఇంకా ఉన్నాది" అంది. "గున్నమ్మ కూతురికి గెడ్డ ఒడ్డున పురుడయినాది. బిడ్డ సచ్చి పుట్టినాదని నానే రిజిస్టర్లో రాసినాను."

"తెలుసు కదే."

"నీకు తెల్దు. తల్లికి ఒంటి మీద తెలివి లేదు. బిడ్డ ఏడిసినాది టీచరమ్మా. నీరున్నంతసేపూ నా ఒళ్ళోనే ఉన్నాది. నీరు తగ్గేసరికి లేదు. గున్నమ్మ కూతురికి ఏటని సెప్పను? బతికి పుట్టలేదని సెప్పీసినాను."

"దేముడమ్మా, ఇది రాస్తే నీ ఉద్యోగం పోతుంది. తప్పుడు రికార్డంటారు. ఆ పిల్లకీ తెలుస్తుంది."

"ఆ పిల్లకి నిన్న సెప్పీసినాను. ఇద్దరం ఏడిసినాం. ఉద్యోగం పోతే పోతాది. రాయి. బిడ్డ ఏడిసినాది. నానిన్నాను."

ఆ మాట దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. నేను విన్నాను అని రాయాలి. ముప్పై నాలుగేళ్ళు అలాగే రాయించాను. కళ్ళు తుడుచుకుని, నానిన్నాను అని రాశాను.

దేముడమ్మ పుస్తకం తీసుకుని, మొదటి నుంచీ వేలు పెట్టి మెల్లగా చదువుకుంది. ఆ మాట దగ్గర వేలు ఆగింది.

"ఒక్క తప్పూ లేదు టీచరమ్మా" అని, కింద సంతకం పెట్టింది.