పట్టుబడని నర్సమ్మ

తన తప్పు తానే చెప్పి, వైద్యం చేయించమని అడిగిన నర్సమ్మను ఆసుపత్రివాళ్లు ఉద్యోగంలోంచి తీసేశారు.

ఊరంతా కంప్యూటర్ కోర్సులకు పరుగెత్తుతున్న రోజుల్లో, తుంటి విరిగి పద్మారావు నగర్‌లోని ఆ ఆసుపత్రిలో, ఆమె పనిచేసే వార్డులోనే పడి ఉన్నాను. ఆమె సిరంజిని వెలుగుకెత్తి ఒంటికన్నుతో చూసేది.

"తుపాకి పేలుస్తవా ఏంది బిడ్డా?"

"కదిలితే పేలుస్త తాతా!"

రోగికివ్వగా మిగిలిన నొప్పి మందును, మత్తుకు అలవాటు చేసేది కాబట్టి, పారబోయాలి. ఆమె దాన్ని తనకే పొడుచుకునేదట. ఎవరూ పట్టుకోలేదు. మరి ఎందుకు చెప్పుకున్నట్టు? ఆమెను తిరిగి తీసుకోమని యాజమాన్యానికి మూడు ఉత్తరాలు రాశాను. ఉలుకూ పలుకూ లేదు. ఏడాది తర్వాత రెజిమెంటల్ బజార్‌లో ఆమే కనబడితే, ఎందుకు చెప్పుకున్నావని అడిగేశాను.

"ఆ రోజు మీకియ్యాల్సిన మందు సుత నేనే పొడుచుకుందామని పక్కకు పెట్టిన తాతా. మీరేమో నొప్పికి మూలుగుతున్నరు. నన్ను చూస్తే నాకే భయమైంది. గందుకే పోయి చెప్పిన."