తాయారు ఎడమ బుగ్గ

పలాస బట్టీలో జీడిగింజలు కొట్టే తాయారుకి ఎడమ బుగ్గ మీద రూపాయి బిళ్లంత కాలిన మచ్చ. వయసులో ఉండగా మంగు పోతుందని గింజ పెంకులోంచి కారే చమురు రాసుకుంది. మంగుతో పాటు చర్మమూ ఊడొచ్చింది.

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో ఓ సాయంత్రం తాయారు బట్టీ నుంచి రాగానే, పొరుగింటి కొత్తకోడలు దాలమ్మ మంగు పట్టిన మొహంతో ఎదురొచ్చి, "అత్తా, ఆ సమురు ఒక్క సుక్క తెచ్చియ్యవా?" అంది.

తాయారుకి ఒళ్లు మండింది. "నా బుగ్గ కనబడ్నేదేటే? ఎండలోకెల్తే ముసుగేసుకో, పెసరపిండితో కడుక్కో. తగ్గకపోతే ఆస్పత్రికెల్లు. మంగొస్తే ఎవులూ సచ్చిపోరు. అది రాస్తే మొకమే పోతాది!"

దాలమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడవబోయిన తాయారు గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. పొద్దుటినుంచీ ఆ చమురులోనే నానిన వేళ్లవి.

"నువ్వే తుడుసుకో తల్లీ," అంది.