పెన్ డ్రైవ్‌కు పసుపు కుంకుమ

మా వీధిలో ఎవరు కొత్త బండి కొన్నా నష్టపోయేది నేనే. వాళ్ళు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, హారన్ కొట్టి, మిఠాయి పంచుకుని ఇళ్ళలోకి వెళ్ళిపోతారు. చితికిన నిమ్మకాయలు మాత్రం రోడ్డు మీద నా కోసం ఎదురుచూస్తుంటాయి. పోయిన వారం పాలకు పోయి వస్తూ ఒకదాని మీద కాలేశాను. పాల ప్యాకెట్టుకు ఏమీ కాలేదు. బండికి తగలాల్సిన దిష్టి నేరుగా నా నడుముకు చేరిందని మా ఆవిడ తేల్చింది.

ఆ నడుముకు కాపడం పెట్టుకుని పడుకున్నప్పుడు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. కొత్త వస్తువుకు పూజ చేయించి, నా చదువునూ, నా స్నేహితుడి ఉద్యోగాన్నీ, మా జేజి పరువునూ ఒకే పూటలో గండికోట లోయ అంచున నిలబెట్టిన ఘనుణ్ణి నేను. చిన్న పొరపాటే లెండి. కర్నూలు నుంచి కడప దాకా తెలిసింది, అంతే.

పెన్ డ్రైవులు అప్పుడప్పుడే వస్తున్న కాలం అది. నేనూ రఫీ కడపలో ఎంసీఏ చివరి ఏడాదిలో ఉన్నాం. ఇద్దరికీ కలిపి ఒకటే ప్రాజెక్టు. మంగంపేట గనుల్లో ముగ్గురాయి ఎత్తుకుని బయల్దేరిన లారీ ఏ వేళకు ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేరు. డ్రైవరు దారిలో ఫోన్ చేసి ఊరి పేరు చెబితే, మేము దాన్ని ఎక్కిస్తే, మ్యాపు మీద ఆ ఊరి దగ్గర ఎర్రచుక్క వెలుగుతుంది. డ్రైవరు నిజం చెప్పినంత కాలం అది దివ్యంగా పనిచేసేది.

దాన్నంతా కర్నూల్లో రఫీ వాళ్ళన్న నడిపే నెట్ సెంటర్లో కూర్చుని తయారుచేశాం. దసరా సెలవులు ముగిసిన మర్నాడే కడపలో వైవా. రఫీకి అప్పటికే బెంగుళూరులో ఉద్యోగం ఖాయమైంది. వైవా పాసయినట్టు కాగితం పట్టుకుని ఆ వారంలోనే చేరాలి. లేకపోతే ఆ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. కాబట్టి మిగిలిన పనల్లా కర్నూల్లో ఉన్న ప్రాజెక్టును కడపకు చేర్చడం. లోకంలో ఇంతకంటే తేలిక పని లేదనిపించి, దాన్ని నేనే మీదేసుకున్నాను.

దేంట్లో తీసుకుపోవాలన్నది తేల్చడానికి కొండారెడ్డి బురుజు దగ్గరున్న కంప్యూటరు సామాన్ల అంగడికి పోయాం. అంగడాయన ఫ్లాపీల డబ్బా, ఖాళీ సీడీల కట్ట, గాజు బీరువాలోంచి ఒక పెన్ డ్రైవు తీసి మా ముందు పెట్టాడు.

"ఫ్లాపీలైతే డజను పడతాయప్పా," అన్నాడాయన. "సీడీ అయితే ఒకటి చాలు. ఇదుండాదే, ఇది రాజా."

"సీడీ తీసుకుందాం రా శీనా," అన్నాడు రఫీ. "మా అన్న దగ్గర రైటరు ఉంది. కాల్చి ఇస్తాడు."

"సీడీనా? గీత పడితే? వంగితే? బస్సులో ఎవరన్నా దాంట్లో మొహం చూసుకుని తల దువ్వుకుంటే?"

"తల దువ్వుకుంటే ప్రాజెక్టు చెరిగిపోదురా."

"నీకు తెలీదు, ఊరుకో."

మాది ప్రొద్దుటూరులో బట్టలంగడి. సరుకు ఎంచడం నాకు పుట్టుకతో వచ్చిందని నా నమ్మకం. పెన్ డ్రైవును అరచేతిలో వేసుకుని తూకం చూశాను. చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. లోపల ఏమీ గలగలలాడలేదు. నాణ్యమైన సరుకే. పైగా దానికి మెడలో వేసుకునే తాడుంది. అసలు నిజం ఒప్పుకోవాలంటే, ఆ తాడు చూసే నేను పడిపోయాను. ధర మాత్రం చెప్పను. ఇది మా నాయన కూడా చదువుతాడు.

నెట్ సెంటరుకు తిరిగొచ్చి, తెర మీదున్న మా ప్రాజెక్టు ఐకాన్ బొమ్మలను ఒక్కొక్కటే మౌసుతో పట్టి పెన్ డ్రైవులోకి లాగాను. రెప్పపాటులో అయిపోయింది.

"ఇంత తొందరగానా?" అన్నాడు రఫీ.

"పెన్ డ్రైవంటే ఏమనుకున్నావు మరి? ఫ్లాపీ మాదిరి కీచుకీచుమంటూ ఆయాసపడతాదా?"

"ఒకసారి తెరిచి చూద్దాంరా."

"మాటిమాటికీ తెరిస్తే అరిగిపోతాది."

ఈ మాట అన్నది కంప్యూటరు శాస్త్రంలో పట్టా పుచ్చుకోబోతున్న మనిషని దయచేసి గమనించండి.

"పోనీ మా అన్నతో ఒక సీడీ కూడా..."

"ఒక మనిషికి ఎన్ని ప్రాణాలు కావాలి రా?" అని నేను బస్సెక్కేశాను.

ప్రొద్దుటూరులో దసరా అంటే ఊరు ఊరంతా పెళ్ళికూతురు. మా అంగట్లో ఆయుధపూజ రోజున గజంబద్ద, కత్తెరలు, కాలిక్యులేటరు, ఇనప్పెట్టె తాళాలు, మా నాయన స్కూటరు అన్నీ కడిగించుకుని బొట్లు పెట్టించుకుంటాయి. ఇంట్లో ప్రతి ఒక్కరూ తమ పనిముట్టు ఒకటి పీట మీద పెట్టాలి. మా అమ్మ అట్లకాడ పెడుతుంది. నేను చిన్నప్పటినుంచీ పెన్ను పెడుతూ వచ్చాను. ఆ ఏడు మెడలోంచి తాడు తీసి, సభలో దండ అందుకునే నాయకుడిలాగా నాలుగు పక్కలా చూసి, పెన్ డ్రైవును పీట మధ్యలో పెట్టాను.

పూజ చేసేది మా జేజి, అంటే నాయనను కన్నతల్లి. తాత పోయినప్పటినుంచి అంగట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేది కూడా ఆమే.

"ఇదేందిరా శీనయ్యా, ఈలనా?"

"ఈల కాదు జేజీ. నా మూడేండ్ల చదువు దీంట్లోనే ఉండాది."

జేజి దాన్ని అరచేతిలో వేసుకుని పైకీ కిందికీ ఆడించింది.

"మూడేండ్ల చదువా? శానా తేలికగా ఉండాదే. లోపల ఏమన్నా ఉండాదా?"

"చదువుకు బరువుండదు జేజీ," అని నేను ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాను. జేజి సగంలోనే లేచిపోయి పసుపు కలుపుకొచ్చింది.

నేను తలచుకుంటే అక్కడే ఆపి ఉండొచ్చు. మూత పెట్టి ఉండొచ్చు. కానీ కొత్త మోజులో మూతను కర్నూలు బస్సులోనే పోగొట్టుకున్నాను. అందుకని, "ముందు పక్క నుదురు జేజీ, ఆడ పెట్టు," అని నేనే దాని ఇనుప మూతిని చూపించాను. జేజి దేంట్లోనూ పిసినారితనం చూపే మనిషి కాదు. చిక్కటి పసుపు, దాని మీద అణాకాసంత కుంకుమ, దాని మీద రెండు అక్షతలు. పూజలో పెట్టిన వస్తువును మర్నాడు హారతి ఇచ్చేదాకా కదిలించకూడదు. ఆ ఒక్క రోజులో పసుపు సిమెంటులాగా చక్కగా గట్టిపడింది. పండగ వెళ్ళిన మర్నాడు పొద్దున్నే దాన్ని పైపైన తుడిచి, మెడలో వేసుకుని కడప బస్సెక్కాను.

పరీక్ష చేయడానికి తిరుపతి నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, నవ్వు ఎప్పుడో పోయిన జన్మలో మరిచిపోయిన మొహం. మా వంతు వచ్చింది. నేను మెడలోంచి తాడు తీసి పెన్ డ్రైవును కంప్యూటరులో దూర్చాను. దానికి వెలగాల్సిన దీపం వెలగలేదు. తీసి తిప్పి పెట్టాను. వెలగలేదు.

"దాని మూతికి ఆ ఎర్రగా ఏందిరా?" అని రఫీ నా చెవిలో గొణిగాడు.

"దుమ్ము," అని దాంట్లోకి గట్టిగా ఊదాను.

కుంకుమ ఎగిరింది. యాడికి ఎగిరింది? నాలుగు దిక్కులుండగా అది నేరుగా ప్రొఫెసరు గారి తెల్ల చొక్కా జేబు మీదికే పోయింది. ఆయన జేబును చూసుకున్నాడు. నన్ను చూశాడు. ఇదంతా మా జేజి పని అని చెప్పేశాను. అవును, నిలువునా అమ్మేశాను. "సార్, మా ఇంట్లో పెద్దామె సార్, వద్దంటే వినలేదు సార్, పూజ చేసేసింది సార్."

రఫీ మొహం చూశాను. వాడి బెంగుళూరు కుర్చీ వాడి కళ్ళ ముందే చక్రాల మీద దొర్లుకుంటూ పోతున్నట్టుంది.

"మీ వంతు చివర్లో చూస్తాను. బయటికి పోయి ఏదో ఒకటి చేసుకోండి," అన్నాడు ప్రొఫెసరు.

క్యాంటీను పక్కనున్న ఎస్టీడీ బూతుకు పరిగెత్తి అంగడికి ఫోన్ చేశాను. జేజే ఎత్తింది.

"జేజీ, నువ్వు పూసిన పసుపు లోపలికి పోయింది!"

"పసుపు లోపలికి పోతే మంచిదే గదరా. పాలల్లో వేసుకుని తాగుతాము."

"నా చదువంతా నాశనమై పాయ జేజీ! రఫీ ఉద్యోగం కూడా పోతాండాది! అంతా నీ వల్లనే!"

అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడు వినబడింది. తర్వాత జేజి, "నేను పెట్టిన పసుపు ఏ పొద్దూ ఎవురికీ చెడు చేసింది లేదు. అరవాకు. అంగట్లో బేరం ఉండాది," అని పెట్టేసింది. గొంతు మాత్రం రోజూ ఉన్నట్టు లేదు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

తిరిగొచ్చేసరికి రఫీ గుండుసూది పట్టుకుని పెన్ డ్రైవు మూతిలోంచి పసుపు పెళ్ళలు పెరుకుతున్నాడు. ప్రొఫెసరు కాసేపు చూసి, ఓపిక పట్టలేక, "ఇటివ్వండి," అని తీసుకున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డతో మెల్లగా తుడిచాడు. వేలికి అంటిన కుంకుమను ఒక క్షణం చూసి, ఎవరూ చూడటం లేదనుకుని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దాన్ని తనే కంప్యూటరులో పెట్టాడు.

దీపం వెలిగింది! రఫీ నన్ను వాటేసుకున్నాడు. తెర మీద మా ప్రాజెక్టు బొమ్మలన్నీ వరసగా కనబడ్డాయి. ప్రతి బొమ్మ కింది మూలలో ఒక చిన్న వంకర బాణం ఉంది. ఆ బాణాన్ని ఆర్నెల్లుగా చూస్తూనే ఉన్నాను, ముచ్చటగా ఉంటుందనుకునేవాణ్ణి. మొదటి బొమ్మను నొక్కాను.

తెర మీదికి ఒక టార్చిలైటు వచ్చింది. అటూ ఇటూ ఊగుతూ వెతకడం మొదలుపెట్టింది. పాపం, అది మనసు పెట్టే వెతికింది.

రఫీ నా భుజం మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"శీనా. నువ్వు కాపీ చేసింది షార్ట్‌కట్లు."

"అంటే?"

"అంటే ప్రాజెక్టు యాడుందో చెప్పే గుర్తులు రా! అసలుది కర్నూల్లోనే ఉండాది! ఇల్లు తెమ్మంటే ఇంటి నెంబరు రాసుకొచ్చినావు కదరా!"

ప్రొఫెసరు గొంతు సవరించుకున్నాడు. "మీ ప్రాజెక్టు ఏ లారీ ఎక్కడుందో చెప్పే సాఫ్ట్‌వేరు. అంతేనా?"

"అవును సార్."

"బాగుంది. ఆ సాఫ్ట్‌వేరు ఎక్కడుంది?"

ఆ తర్వాత జరిగిన మంచి పనుల్లో నా చెయ్యి ఏమీ లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను. రఫీ కర్నూలుకు ఫోన్ చేశాడు. వాళ్ళన్న నన్ను ఉర్దూలో కొంచెం, తెలుగులో ఎక్కువగా తలచుకుని, ఒక సీడీ కాల్చి, కడపకు బయల్దేరుతున్న బస్సు డ్రైవరు చేతికిచ్చాడు. ఇక ఆ బస్సు రావాలి. మిగతా వాళ్ళ వైవాలు జరుగుతున్నాయి. మధ్యమధ్యలో ప్రొఫెసరు తలుపులోంచి తొంగిచూసి, "ఎక్కడుంది?" అని అడిగేవాడు.

"నంద్యాల దాటింటాది సార్," అనేవాడు రఫీ.

ఇంకాసేపటికి, "ఎక్కడ?"

"ఆళ్ళగడ్డలో టీకి నిలబెట్టింటాడు సార్."

"ఇప్పుడు?"

"మైదుకూరు సార్. లేదంటే, ఈ దారి డ్రైవర్ల రకం చూస్తే, వెనక చాగలమర్రిలోనే ఆగింటే ఆగింటాడు."

ప్రొఫెసరు లోపలికి పోబోతూ ఆగాడు. "మీ సాఫ్ట్‌వేరు చేసేది ఇదే కదయ్యా? సగం వైవా అయిపోయింది పో." అప్పుడు చూశాం, ఆ మొహంలో నవ్వుందని.

సాయంత్రం బస్టాండులో డ్రైవరు కిటికీలోంచి సీడీ చాపుతూ, "ఏమప్పా, ఈ అద్దం మీదేనా? దారంతా శానా పనికొచ్చింది," అన్నాడు. నున్నగా దువ్విన ఆయన తల చూసి రఫీ నావైపు తిరిగాడు. నేను ఆకాశంలోకి చూశాను. సీడీ మాత్రం ఒక్క గీత కూడా లేకుండా తెరుచుకుంది. మ్యాపు మీద ఎర్రచుక్కలు వెలిగాయి. పాసయ్యాం. కాగితం చేతికొచ్చింది. రఫీ దాన్ని నాకు పట్టుకోనివ్వలేదు.

ఆ రాత్రే రఫీ ప్రాజెక్టు మొత్తాన్ని తన చేత్తో పెన్ డ్రైవులోకి ఎక్కించి, తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూసి నా మెడలో వేశాడు. మర్నాడు బెంగుళూరు పోయే ముందు నాతో ప్రొద్దుటూరు వచ్చాడు. నేను ఎట్లా క్షమాపణ చెబుతానో చూడాలని మాత్రమే వచ్చాడు.

అంగట్లో, గల్లాపెట్టె ముందు, బేరానికొచ్చిన వాళ్ళందరి ఎదుట కుంకుమ భరిణె మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాను. ఇకమీదట వంకర బాణం గుర్తున్న దేన్నీ నమ్మి ఇల్లు కదలను. అది రోడ్డు మలుపు బోర్డయినా సరే. తెరిచి చూడకుండా అగ్గిపెట్టె కూడా ఈ ఊరి నుంచి ఆ ఊరికి మొయ్యను. తాడు చూసి వస్తువు కొనను. నా తప్పుకు మా జేజి పసుపును నిందించను, నిందించను, నిందించను. ఈ ప్రమాణాన్ని ఈనాటికీ తప్పలేదు, రోడ్డు మలుపుల దగ్గర తప్ప.

జేజి అంతా విన్నది. మొహంలో ఏమీ కనబడనియ్యలేదు. రఫీకి మాత్రం ఒక కొత్త చొక్కా గుడ్డ చించి ఇచ్చింది.

"ఇంగ కోపం పోయిందా జేజీ?" అని, మెడలోంచి పెన్ డ్రైవు తీసి ఆమె చేతిలో పెట్టాను. "ఇదో, చూడు. ఆ పొద్దు ఖాళీగా ఉండె. నా మూడేండ్ల చదువు ఇప్పుడు నిజంగానే దీంట్లో ఉండాది."

జేజి దాన్ని అరచేతిలో వేసుకుని, కళ్ళు సగం మూసి, పైకీ కిందికీ రెండుసార్లు ఆడించింది.

"అప్పుడెంత ఉండెనో ఇప్పుడూ అంతే ఉండాది గదరా."