ముందు నాకు చల్లు

కుక్కకు ఎవరు ఏ చిట్కా చెప్పినా, జమాల్ సాబ్ దాన్ని ముందు తన ఒంటికి పూసుకుని చూస్తాడు. కళ్యాణదుర్గంలో మా పక్కిల్లే ఆయనది. ముందు పంక్చర్ల షాపు, వెనక కాపురం. ఎండలు ముదిరితే వీధికుక్కలన్నీ ఆ షాపు నీడకే చేరతాయి. వాటితోపాటు ఎగిరెగిరి కుట్టే పురుగులు కూడా.

వాసనను బట్టి ఆ రోజు పురుగులకు చిట్కా ఏమిటో మాకు తెలిసిపోయేది. వేపనూనె రోజు ఆటోలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నిమ్మరసం రోజు, గీరుకున్న చోటల్లా మండి నడిరోడ్డు మీద గంతులేశాడు. కిరసనాయిలు రోజు ఆయన భార్య మస్తానాబీ పొయ్యే వెలిగించలేదు.

“దూరం పో! అగ్గిపుల్ల గీస్తే నువ్వూ ఇల్లూ ఒకేసారి పోతారు.”

“చెయ్యి బొబ్బలెక్కినాది మస్తానీ. అదే కుక్కకు పూసుంటే?”

“కుక్కకు బుద్ధుండాది. నీ మాదిరి చెయ్యి చాపదు.”

ఒకరోజు పశువుల డాక్టరు ప్రశాంతి స్కూటీకి గాలి పట్టించుకోవడానికి వచ్చింది. వేపనూనె తన ఒంటికి పడిందని ఈయన గొప్పగా చెప్పాడు.

“నీకు పడితే దానికి పడతాదని ఎవరు చెప్పినారు సాబూ? అది ఒళ్లంతా నాకుతాది. నువ్వు నాకుతావా?”

జమాల్ సాబ్ ఆలోచనలో పడ్డాడు. మర్నాడు పొద్దున్నుంచీ నాలుక మోచేతికి అందుతుందేమోనని తిప్పలు పడసాగాడు. గిరాకీలు జడిసి ఎదురు షాపుకు పోయారు.

మొన్న, చేన్లో విత్తనం వేసి వచ్చిన రైతు పుల్లన్న తన కుక్క మిర్చిని తాడుతో లాక్కొచ్చాడు. గీరుకుని గీరుకుని దాని నడుమంతా పుండైంది. ఆయన చేతిలో శనక్కాయ విత్తనాలకు పట్టించగా మిగిలిన మందుపొడి.

“చేన్లో పురుగు సచ్చేది కుక్క మీద సావదా? గట్టిగా పట్టుకో సాబూ, చల్లేద్దాం.”

పొట్లం మీది పుర్రెబొమ్మ చూసి నేను నోరు తెరిచేలోపే, జమాల్ సాబ్ చొక్కా విప్పి వీపు తిప్పి కూర్చున్నాడు.

“ముందు నాకు చల్లు.”

“విషమప్పా అది! మేమే మూతికి గుడ్డ కట్టుకుని కలుపుతాం.”

“పర్వాలేదు, చల్లు. నేనైతే పోయి నీళ్లు పోసుకుంటా. అది నాలుకతోనే కడుక్కుంటాది.”

పుల్లన్న ఆ వీపు వైపు చూశాడు, మిర్చి పుండు వైపు చూశాడు. “మొండోడివప్పా,” అంటూ పొట్లం మూతి బిగించాడు. ఇద్దరూ కుక్కను తీసుకుని పశువుల ఆసుపత్రికి పోయారు.

“అన్నిసార్లూ ఇదే కత,” అంది మస్తానాబీ నాతో. “కిరసనాయిలు కూడా ఎవరో కుక్క మీద పొయ్యబోతాంటే ఈయప్ప చెయ్యి అడ్డం పెట్టినాడు. మనిషి మీద పొయ్యాలంటే శానామంది ఆడనే ఆగిపోతారు. ఆగనోళ్ల కంపంతా నా ఇంటికొస్తాది.”

డాక్టరమ్మ మిర్చి బరువు చూసి తగిన మందు ఇచ్చింది. గోనెసంచి పడక ఉతకమంది. రోజూ పేన్ల దువ్వెనతో దువ్వి, పురుగులను సబ్బునీళ్లలో వేయమంది. సాయంత్రం పుల్లన్న షాపు ముందు గొంతుక్కూర్చుని దువ్వబోయాడు. మిర్చి గుర్రుమంది.

“ఆ దువ్వెన ఇట్ల తే పుల్లన్నా, ముందు నాకు...”

లోపలినుంచి మస్తానాబీ అరిచింది: “ఉండేవి నాలుగెంట్రుకలు! వాటినన్నా మిగుల్చుకో!”