పళ్లు పీకించుకోకముందే నాలుగు పాటలు

ఎనిమిదో తరగతితోనే చదువుకు దండం పెట్టినవాణ్ణి కాబట్టి, నా మాట నాకే ఆలస్యంగా అర్థమవుతుందని మా ఆవిడ అంటుంది. నిన్న ఫోన్లో మాట్లాడుతుంటే నా గొంతు అర క్షణం ఆగి నాకే తిరిగి వినబడేసరికి, ఆమె మాట ఒప్పుకోక తప్పలేదు.

దాంతో, నంద్యాలలో మా మిద్దె మీది గదిలో గోడలకు పాత పరుపులు కొట్టి పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టిన కొత్తలో, ఆళ్లగడ్డ నుంచి మేనత్త బస్సెక్కి వచ్చిన రోజు గుర్తొచ్చింది. అక్కడి చర్చిలో ముప్పై ఏళ్లుగా పాడుతున్న మనిషి. మర్నాడే పళ్లన్నీ పీకించుకోవాలి. బోసినోటితో అక్షరాలు పలకవు గనక, ఆ లోపే తన నాలుగు పాటలూ పట్టి పెట్టమంది.

హెడ్‌ఫోన్ పెట్టుకొని పాడితే ఆమె గొంతు ఆమెకే వెనకబడి వినిపించేది. దానికోసం ఆమె ఆగేది, తాళం మాత్రం ఆగేది కాదు.

"అత్తా, తాళం తప్పుతాండావు."

"ముప్పై ఏండ్లు తప్పనిదాన్ని నీ గదిలోకొచ్చి తప్పుతానా? నీ డబ్బా సంగతి చూసుకోప్పా!"

చూశాను. కంప్యూటరు పాటను పిడికిలి పిడికిలిగా అందుకుంటుందట. పిడికిలి పెద్దది చేస్తే ఆలస్యం, చిన్నది చేస్తే అందుకోలేక తిరగమోతలో ఆవాల్లా చిటపట. పెంచాను, తగ్గించాను, కంప్యూటరులో తెరిచినవన్నీ మూసేశాను, చివరికి ఫ్యాను కూడా ఆపాను. చెమట తప్ప ఏమీ మారలేదు. మధ్యాహ్నం దాటింది, ఒక్క పాటా కాలేదు, అత్త గొంతు బొంగురుపోసాగింది, నాకేమో ఆ యంత్రాన్ని మిద్దె మీదనుంచి తోసేద్దామనిపించింది.

అప్పుడు అత్త మైకు తగిలించిన పెట్టె వైపు వేలు చూపించింది.

"ఈడ ప్లాస్టర్ యేందిరా? దీనికేమన్నా దెబ్బ తగిలిందా?"

ఆ ప్లాస్టర్ కింద ఒక మీట ఉంది. మీద రాసిన ఇంగ్లీషు చదవలేక, ఎవరైనా నొక్కితే పెట్టె కాలిపోతుందేమోనని, కొన్నరోజే ప్లాస్టర్ అంటించింది నేనే. పీకి నొక్కితే, కంప్యూటరుతో పనిలేకుండా ఆమె గొంతు పెట్టెలోనుంచి నేరుగా ఆమె చెవికి చేరింది. కంప్యూటరులోంచి ఆలస్యంగా వచ్చే రెండో గొంతును మూసేసి, పిడికిలిని మళ్లీ పెద్దది చేశాను. చిటపట పోయింది. బొంగురు గొంతుతోనే నాలుగు పాటలూ గంటలో పాడేసింది.

ఇప్పుడు ఫోన్లోనే రికార్డు చేసి క్షణంలో పంపించేస్తున్నారు, నాలాంటివాడితో పనే లేదు. కట్టుడు పళ్లు వచ్చాక అత్త మళ్లీ మైకు ముందు నిలబడలేదు. ఆ నాలుగింటిలో ఆ బొంగురు ఎన్నిసార్లు విన్నా, పొద్దున్నే ఆ ప్లాస్టర్ పీకి ఉంటే ఎంత నిండైన గొంతు దొరికేదోనని నామీద నాకే చిరాకు.

ఆ సాయంత్రం బస్టాండులో, నావల్లే ఆలస్యమైందని ఒప్పుకుంటే, అత్త బస్సు కిటికీలోంచి తల బయటపెట్టి అంది: "నోటికీ చెవికీ జానెడు దూరం లేదు గదరా అల్లుడా. దాన్ని పొద్దున్నుంచి శ్రీశైలం దాకా తిప్పి తెస్తాంటివే!"